పేర్ల చిట్టాకు పెత్తందారు

2025 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గం వాల్తేరు రైల్వే డివిజన్‌ విభజనకు ఆమోదం తెలిపింది. సింగాపూర్ రోడ్–కొరాపుట్, కొత్తవలస–బచేలి వంటి మార్గాలు, మొత్తం 680 కిలోమీటర్ల దాకా, కొత్త రాయగడ డివిజన్‌ వాటాకు వచ్చాయి. పట్టాలు ఎక్కడివక్కడే, మారేది అజమాయిషీ. రైల్వే ఏ సాఫ్ట్‌వేర్ వాడుతుందో అటుంచి, ఏ పెద్ద సంస్థ ఇలా చీలినా కంప్యూటర్ విభాగానికి ఒక తలనొప్పి తప్పదు. ఫలానా ఉద్యోగి ఇక ఏ శాఖ మనిషి? ఏయే ఫైళ్లు తెరవొచ్చు? దీనికి జవాబు దాచుకునేది డైరెక్టరీ సర్వర్, అంటే పేర్ల చిట్టా.

దీన్ని మొదట తలపెట్టింది టెలిఫోన్ లోకం. అంతర్జాతీయ ప్రమాణాల సంఘాలు 1988లో ఎక్స్.500 ప్రమాణం తెచ్చాయి, చెట్టులా అమరిన చిట్టా: దేశం, దాని కింద సంస్థ, శాఖ, చివర మనిషి. ఆలోచన బాగుంది గానీ ఆనాటి చిన్న కంప్యూటర్లు దాని బరువు మోయలేకపోయాయి. మిషిగన్ విశ్వవిద్యాలయంలోని టిమ్ హోవ్స్ మరికొందరితో కలిసి దాన్ని తేలిక చేస్తే 1993లో, డైరెక్టరీతో మాట్లాడే పద్ధతిగా, ఎల్‌డ్యాప్ పుట్టింది. 1996లో హోవ్స్ బ్రౌజర్ కంపెనీ నెట్‌స్కేప్‌లో చేరాడు. ఆ ఏడాదే ఆ కంపెనీ డైరెక్టరీ సర్వర్ బజారుకెక్కింది.

సర్వర్లు పదులకొద్దీ అయ్యాక ఒక్కోదాని దగ్గరికెళ్లి సరిచేయడం కుదరదు. అందుకు వచ్చిందే జావాలో రాసిన నెట్‌స్కేప్ కన్సోల్. ఇందులో నాకు ముచ్చటగొలిపే కిటుకు ఒకటుంది. ఏ యంత్రం మీద ఏ సర్వర్ నడుస్తోందన్న వివరాన్ని కన్సోల్ తన దగ్గర పెట్టుకునేది కాదు. అదీ ఒక డైరెక్టరీలోనే, ‘నెట్‌స్కేప్‌రూట్’ అనే కొమ్మ కింద ఉండేది. అడ్మినిస్ట్రేటర్ లాగిన్ కాగానే కన్సోల్ అక్కడ చదివి మొత్తం చెట్టును తెర మీద పరిచేది. ఆపు, నడుపు అన్న ఆజ్ఞలను ఆయా యంత్రాల్లోని అడ్మిన్ సర్వర్ అమలు చేసేది. పేర్లు చేర్చడం, తీసేయడం మాత్రం నేరుగా ఎల్‌డ్యాప్‌లోనే. అంటే చిట్టాలను ఏలే పెత్తందారుకూ చిట్టాయే ఆధారం!

ఆ తర్వాత యజమానులు మారారు. 1999లో నెట్‌స్కేప్ ఏఓఎల్ చేతికి, 2004లో డైరెక్టరీ సర్వర్ రెడ్‌హ్యాట్ చేతికి వెళ్లాయి. 2005లో దాని కోడ్ అందరికీ తెరిచారు. 2009 నుంచి అది 389 డైరెక్టరీ సర్వర్. ఆఫీసుల్లో మైక్రోసాఫ్ట్ యాక్టివ్ డైరెక్టరీ హవా నడిచింది, అదీ ఎల్‌డ్యాప్‌ అర్థం చేసుకునేదే. జావా కన్సోల్ మూలపడి, బ్రౌజర్‌లో తెరుచుకునే కాక్‌పిట్ దాని చోటికి వచ్చింది.

కొరాపుట్, రాయగడల్లో ఈ పనిలోకి దిగే కుర్రాళ్లు ముందు ఎల్‌డ్యాప్ నేర్చుకోవాలి. తెర మీది బటన్లు వారంలో పట్టుబడతాయి.