ఇంజిన్ వెనక్కి ఎందుకు పోయింది? ఒక డ్రాగ్ రేసర్ పాదం కథ

డ్రాగ్ రేస్ అంటే మలుపుల్లేని పందెం. క్వార్టర్ మైలు, అంటే సుమారు 402 మీటర్లు తిన్నగా పోవాలి. ముందు చేరినోడిదే గెలుపు.

1954లో అమెరికాలో మిక్కీ థాంప్సన్ దీనికోసం ఒక వింత బండి కట్టాడు. ఇంజిన్ ముందు. డ్రైవర్ సీటు మాత్రం వెనక చక్రాలకి కూడా వెనకాల! ఉండేలులో రాయి మాదిరి కూర్చోవాలి. అందుకే ఈ రకం బండికి స్లింగ్‌షాట్ అని పేరు. బరువు వెనక్కి పడితే టైర్లు జారవు, నేలని గట్టిగా పట్టుకుంటాయి. అదీ లెక్క.

ఇంధనం ఇంకో వింత. కిలో పెట్రోలు పూర్తిగా కాలాలంటే దాదాపు 14.7 కిలోల గాలి కావాలి. నైట్రోమీథేన్‌కి 1.7 కిలోలు చాలు. ఎందుకంటే దాని అణువులోనే ఆక్సిజన్ ఉంటుంది. మన శ్రీహరికోట రాకెట్లు ఆక్సిజన్‌ని వెంట మోసుకుపోతాయి కదా, ఇంచుమించు అట్లాగే. అంటే అదే గాలితో చాలా ఎక్కువ ఇంధనం కాల్చొచ్చు. గాలిని లోపలికి నెట్టే బ్లోయర్ ఏమో డీజిల్ లారీ ఇంజిన్ నుంచి తెచ్చింది!

ఇప్పుడు అసలు సంగతి. ఇంత శక్తి పుట్టే ఇంజిన్, క్లచ్, గేర్‌బాక్స్ అన్నీ డ్రైవర్ ముందరే. ఏది పేలినా దెబ్బ ఆయనకే. 1970 మార్చి 8న కాలిఫోర్నియాలోని లయన్స్ ట్రాక్‌లో డాన్ గార్లిట్స్ బండి గేర్‌బాక్స్ పేలింది. బండి రెండు ముక్కలైంది. ఆయన కుడిపాదంలో కొంత భాగం పోయింది.

వేరేవాళ్లయితే రేసులు మానేసుంటారు. గార్లిట్స్ ఆస్పత్రి మంచం మీదే కొత్త బండి గురించి ఆలోచన మొదలుపెట్టాడు. ఇంజిన్‌ని డ్రైవర్ వెనక పెడితే?

అంతకుముందు కొందరు ఈ పని చేసి చూశారు, బండ్లు అదుపులో ఉండలేదు. గార్లిట్స్ బృందానికి కూడా మొదట అదే తలనొప్పి. చివరికి దొరికిన మందు చాలా చిన్నది. స్టీరింగ్ కొంచెం తిప్పితే చక్రం ఎక్కువ తిరిగిపోతోంది. దాన్ని నెమ్మది చేశారు, అంతే. బండి తిన్నగా పోయింది.

స్వాంప్ ర్యాట్ 14 అనే ఆ బండితో 1971లో పొమోనా వింటర్‌నేషనల్స్ గెలిచాడు. కొన్నేళ్లకే పెద్ద పోటీల్లో స్లింగ్‌షాట్‌లు కనిపించకుండా పోయాయి.

రాత్రిపూట బైపాస్‌లో బైకులు ఎగరేసే తమ్ముళ్లూ, ఒక్క మాట. ఆ మొనగాళ్లు మూసేసిన ట్రాక్‌లో, హెల్మెట్ పెట్టుకుని పోయినా పాదం పోయింది. మనది లారీలు తిరిగే రోడ్డు. స్పీడు పెంచడం సగం ఇంజినీరింగే. మనిషిని ఇంటికి చేర్చడం మిగతా సగం.