అబ్బా బిస్తర్

ఇది పోయిన డిసెంబర్ నాటి ఖిస్సా. మా భాంజా బెంగళూరులో కంప్యూటర్ కొలువు చేస్తాడు. దోస్తులతో కలిసి గండికోటలో ఒక రాత్రి డేరా వేసుకుని పడుకోవాలని ముందు రాయచోటికి వచ్చాడు. వస్తూ వస్తూ ఒక స్లీపింగ్ బ్యాగ్ కొనుక్కొచ్చాడు. చుట్టి ఉన్నప్పుడు చిన్న దిండంత ఉంది, విప్పితే నిలువెత్తు మనిషి పట్టే సంచి. ‘‘మైనస్ 5 డిగ్రీల్లో కూడా పనికొస్తుందంట మామూ’’ అన్నాడు ఫఖర్‌గా.

చీటీ తిప్పి చూశాను. దాని మీద మూడు అంకెలున్నాయి. కంఫర్ట్ 10, లిమిట్ 6, ఎక్స్‌ట్రీమ్ మైనస్ 5. మొదటిది హాయిగా నిద్రపట్టే చలి. రెండోది ముడుచుకుని పడుకుంటే ఓర్చుకోగల చలి. మూడోది ప్రాణం మిగిలితే చాలనుకునే చలి, దాంట్లో నిద్ర మాటే లేదు. దుకాణాల వాళ్లు మూడో అంకెనే పెద్దగా చూపిస్తారు. మీరు కొనేటప్పుడు మొదటి అంకె చూడండి. గండికోటలో డిసెంబర్ రాత్రి 15 డిగ్రీలకు అటూ ఇటూ ఉంటుంది కాబట్టి మావాడికి ఆ ఫికర్ లేదు. నా ఫికర్ వేరే.

‘‘కింద ఏం పరుచుకుంటావురా?’’ అని అడిగాను.

‘‘దీంట్లో దూరి పడుకోవడమే కదా మామూ, ఇంకా కింద ఎందుకు?’’

గండికోట నేలంతా బండ. పగలు కాగిన రాయి అర్ధరాత్రి దాటాక చల్లబడి, ఒంట్లో వేడిని లాగేస్తుంది. సంచిలో దూది ఎంత మెత్తగా ఉన్నా, మన బరువుకు వీపు కింద అణిగి అట్టలా అయిపోతుంది. చలిని ఆపేది దూదిలో ఇరుక్కున్న గాలి. అణిగితే ఆ గాలి పోతుంది. పైన వెయ్యి రూపాయలు పెట్టేవాడు కింద పరుచుకునే దానికి రెండు వేలు పెట్టాలి. నేల మీద పడుకున్న ప్రతి ముసాఫిర్‌కూ ఈ సంగతి తెలుసు.

తెలుగులో తారీఖు అంటే డేటు. నేను చదివిన ఉర్దూ మీడియం స్కూల్లో తారీఖ్ అంటే చరిత్ర. డిగ్రీలో తెలుగు తీసుకున్నాక చాలా రోజులు ఈ రెండిటి మధ్య తికమక పడ్డాను. గండికోట పేరు వింటే ఇప్పటికీ నాకు రెండూ కలిసే గుర్తొస్తాయి. ఎందుకంటే ఆ కోట దగ్గర డేరాలో బతికిన మనిషి ఒకాయన తారీఖ్‌లో ఉన్నాడు. పేరు మీర్ జుమ్లా. ఇరాన్ నుంచి వచ్చి గోల్కొండ సుల్తాన్ దగ్గర వజీర్ అయ్యాడు. 1650ల మొదట్లో గండికోటను గెలిచాడు. 1652లో ఫ్రెంచి నగల వ్యాపారి టావెర్నియే ముత్యాలు చూపించడానికి అక్కడికి వెళితే, అంత పెద్ద నవాబు డేరాలో చెప్పుల్లేకుండా కూర్చుని ఉన్నాడు. కాలివేళ్ల సందుల్లో కొన్ని కాగితాలు, ఎడమచేతి వేళ్ల మధ్య ఇంకొన్ని. ఒక్కోటి తీసి జవాబు చెబుతూ రాయిస్తున్నాడట. ఇప్పుడు కుర్రాళ్లు డేరా వేసి సెల్ఫీలు తీసుకునే చోట ఒకప్పుడు హుకూమత్ నడిచింది.

పెద్దల డేరాలకు ఇంతజాం ఎక్కువ. అక్బర్ బాద్‌షా ఒక మకాం ఎత్తితే సామాను మోయడానికి 100 ఏనుగులు, 500 ఒంటెలు, 400 బండ్లు కావాలని అబుల్ ఫజల్ ఐనే అక్బరీలో లెక్క రాశాడు. తివాచీలు పరిచే ఫరాష్‌లే వెయ్యి మంది. మన సీమలో థామస్ మన్రో కూడా 1800 నుంచి 1807 దాకా కలెక్టరుగా ఊరూరూ తిరుగుతూ చాలా కాలం డేరాల్లోనే బతికాడు. తర్వాత గవర్నరై, 1827లో ఇదే సీమలో పర్యటిస్తూ పత్తికొండ మకాంలో కలరాతో చనిపోయాడు. డేరా, మకాం, జమాబందీ, నవారు ఇవన్నీ ఆ దారిన వచ్చి తెలుగులో స్థిరపడ్డ మాటలే. పాతవాళ్లు తలదిండును బాలీసు అంటారు, అది ఫార్సీ. మావాడు మాత్రం పిల్లో అంటాడు.

ఏనుగులు లేనివాడికి కంబళి ఉంది. మా వైపు గొర్రెకు ఉన్ని ఉండదు, పొట్టి వెంట్రుకే. కంబళి అనంతపురం, బళ్లారి వైపు నల్ల గొర్రెల ఉన్నితో కురుబలు నేసింది. నేశాక చింతగింజల గంజి పట్టిస్తారు. దాంతో బిరుసెక్కుతుంది, వాన చినుకు తొందరగా దిగదు. చేలో మంద కట్టి కాపలా పడుకునే కాపరికి అదే పరుపు, అదే రజాయి, తల మీంచి కొప్పుగా వేసుకుంటే అదే గొడుగు. గుచ్చుకుంటుంది, నిజమే. కానీ అణిగిపోదు. నన్నడిగితే గండికోట బండ మీదికి దాన్ని మించింది లేదు.

స్లీపింగ్ బ్యాగ్‌దీ ఒక తారీఖ్ ఉంది. వేల్స్ దేశంలో ప్రైస్ జోన్స్ అనే బట్టల వ్యాపారి 1876లో మడతపెట్టి కప్పుకునే ఒక కంబళికి పేటెంట్ తీసుకున్నాడు. దాంట్లోనే గాలి ఊదుకునే దిండు కూడా ఉండేది. రష్యా ఫౌజు అరవై వేలకు ఆర్డరిచ్చింది. ఎవరి మీద యుద్ధానికి? ఉస్మానియా ఖిలాఫత్ మీద, ప్లెవ్నా కోట దగ్గర. అదే కాలంలో హిందుస్తాన్ ముసల్మానులు తుర్కీ సిపాయిల కోసం చందాలు వసూలు చేశారు. కోట లోపల ఆకలితో ఉన్న సిపాయి కింద ఏం పరుచుకున్నాడో ఏ పేటెంట్‌లోనూ ఉండదు.

ఇదంతా భాంజాకు చెబుతుంటే మంచం మీద కూర్చున్న అబ్బా వింటున్నారు. మామూలుగా నా తారీఖ్ పాఠాలకు ఆయన నిద్రపోతారు. ఆ రోజు పోలేదు.

రాయచోటిలో కువైట్ వెళ్లొచ్చిన ప్రతి ఇంట్లో పులిబొమ్మ కంబళి ఒకటి ఉంటుంది. మంచాన్నంతా కప్పేసేంత పెద్దది, బరువైనది. చిన్నప్పుడు దోస్తుల ఇళ్లలో అది చూసి నాకు కుళ్లు. మా ఇనప పెట్టెలో ఉన్నది సగమే. పులి తల ఉంది, ఒళ్లు లేదు. అందరి అబ్బాలూ కువైట్ నుంచి బంగారం తెస్తే మా అబ్బా సగం దుప్పటి తెచ్చాడని, పదేళ్లప్పుడు నేను అమ్మీ ముందు ఏడ్చాను. అది 1990.

ఆ ఏడు ఆగస్టు 2న ఇరాక్ ఫౌజు కువైట్‌లోకి దిగింది. మనవాళ్లు బస్సుల్లో ఇరాక్ దాటి జోర్డాన్ సరిహద్దు చేరారు. రువైషిద్ వైపు ఎడారిలో డేరాల ఊళ్లు లేచాయి. ఎయిర్ ఇండియా దాదాపు రెండు నెలల్లో 488 విమానాలు నడిపి లక్షా పదకొండు వేల మందికి పైగా ఇంటికి చేర్చింది. ఈ లెక్కలు నేను పేపర్లో రాశాను కూడా. కానీ అబ్బాను ఎప్పుడూ అడగలేదు. ఆయనా చెప్పలేదు.

‘‘నలుగురం, దుప్పటి ఒకటి’’ అన్నారు అబ్బా. ‘‘మొదటి రాత్రి పైన కప్పుకున్నాం. కింద కంకర. తెల్లారేదాకా వణికాం. రెండో రాత్రి నీళ్ల సీసాల అట్టపెట్టెలు చించి పరిచి, వాటి మీద దుప్పటేసి పడుకున్నాం. నిద్ర పట్టింది.’’

‘‘మరి సగం ఏమైంది?’’ అని అడిగాను. నా గొంతు నాకే వేరేగా వినిపించింది.

‘‘పక్క డేరాలో ఒకామె, పసిబిడ్డతో. వాళ్లకు పరుచుకోడానికి ఏమీ లేదు. బ్లేడుతో కోసిచ్చినాం.’’

ఆమెది ఏ ఊరో అబ్బాకు గుర్తులేదు. తెలుగు కాదు, ఉర్దూ కాదు. మలయాళీ అయ్యుండొచ్చు అన్నారు.

అమ్మీ లోపలికి వెళ్లి పెట్టె తెరిచింది. కలరా ఉండల వాసనతో పాటు ఆ సగం పులి బయటికొచ్చింది. భాంజా దాన్ని నాలుగు మడతలు పెట్టి, నేల మీద పరిచి, దాని మీద తన సంచి వేసుకుని పడుకుని చూశాడు. ‘‘సరిపోతుంది మామూ’’ అన్నాడు.

అబ్బా మంచం దిగొచ్చి వాడి సంచి జిప్పు పట్టుకుని పైకీ కిందికీ రెండుసార్లు లాగి చూశారు.

‘‘ఇది లోపల్నుంచి కూడా వస్తుందా? రాత్రి లేచి పరిగెత్తాలంటే ఎట్లరా?’’

వాడు నవ్వి, లోపల్నుంచి తీసి చూపించాడు. అబ్బా ఇంకోసారి చూపించమన్నారు.