బుల్లెట్టు, జావా, నల్లమల వంకలు

బుల్లెట్టు అనగానే మనోళ్ళకి గుర్తొచ్చేది దర్జా. సినిమాలో ఊరి పెద్దాయన, స్టేషన్లో ఎస్సై గారు, ఈమధ్య అయితే మన ఐటీ కుర్రాళ్ళ మొదటి ఈఎంఐ. కానీ ఆ బండి దర్జా కోసం పుట్టలేదండీ. బురదలో, బండరాళ్ళ మీద, వాగుల్లో కాలు కింద ఆనించకుండా నడిపే పోటీల్లో తయారైంది. ఆ పోటీల్ని ట్రయల్స్ అంటారు. హైదరాబాదులో, బెంగుళూరులో పాత బళ్ళు పోగేసే మిత్రులకి ఈ సంగతి కంఠతా వచ్చు. మా మార్కాపురం, కంభం, గిద్దలూరు వైపు బండి నడిపిన వాళ్ళకి ఆ పేరు తెలీదు, పని తెలుసు. ఈ రెండు జట్ల గురించీ రాద్దామని చాన్నాళ్ళ నుంచి అనుకుంటున్నాను.

ట్రయల్స్‌లో వేగంతో పని లేదు. కొండ వాలులోనో, వాగులోనో కొంత దూరం గుర్తు పెడతారు. ఆ ముక్క దాటేలోపు కాలు ఒకసారి కింద పెడితే 1 పాయింటు పడుతుంది, ఆగిపోతేనో పడిపోతేనో 5. చివర్లో ఎవరికి తక్కువ పాయింట్లుంటే వాళ్ళే గెలిచినట్టు. చూడ్డానికి ఇంత నెమ్మదైన బండి పందెం ఇంకోటి ఉండదు. చెయ్యడానికి మాత్రం నడుం విరుగుతుంది.

1948 మొదట్లో ఇంగ్లండులో కోల్‌మోర్ కప్ అనే ట్రయల్‌కి రాయల్ ఎన్‌ఫీల్డ్ వాళ్ళు ఒక కొత్త 350 బండి తెచ్చారు. వెనక చక్రానికి స్ప్రింగులు, స్వింగింగ్ ఆర్మ్. అప్పటికి ట్రయల్స్ బళ్ళంటే వెనకంతా బిగదీసిన ఇనుమే. స్ప్రింగు పెడితే చక్రం నేలని వదిలేస్తుంది, పట్టు పోతుంది అనేది ఆ రోజుల్లో పెద్దల మాట. నిజానికి జరిగింది తిరకాసు. స్ప్రింగు ఉండబట్టే చక్రం రాయి దిగగానే మళ్ళీ నేలకి అంటుకునేది. అదే ఏడు ఇటలీలోని సాన్ రెమోలో ఆరు రోజుల అంతర్జాతీయ పోటీలో (ఐఎస్‌డీటీ) ఈ బళ్ళ మీద వెళ్ళిన ఇద్దరికీ బంగారు పతకాలొచ్చాయి. 1949లో అది బుల్లెట్ పేరుతో అమ్మకానికొచ్చింది. 1952లో జానీ బ్రిటన్ అనే కుర్రాడు ఇదే బండి మీద స్కాటిష్ సిక్స్ డేస్ ట్రయల్ గెలిచాడు, 1957లో ఇంకోసారి. ట్రయల్స్‌లో అంతకంటే పెద్ద పేరున్న పోటీ అప్పట్లో లేదు.

ఇంజన్ కూడా ఆ పనికి తగ్గదే. సిలిండర్ వెడల్పు 70 మిల్లీమీటర్లు, పిస్టన్ కిందికీ పైకీ తిరిగే దూరం 90. పైగా బరువైన ఫ్లైవీల్. ఒక్కో దెబ్బ నిదానంగా, బలంగా పడుతుంది. నడక వేగంలో ఎక్కుతున్నా ఆగిపోదు. మనం ముచ్చటపడే ఆ 'డుగ్ డుగ్' అందులోంచి వచ్చిందే. సైలెన్సర్ మార్చి ఆ చప్పుడు ఇంకా పెంచుకునే వాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది గానీ, అది వేరే టపా :-)

సరిగ్గా ఆ రోజుల్లోనే మన సైన్యం సరిహద్దుల్లో గస్తీకి బండి వెతుక్కుంటోంది. రోడ్లు లేని చోట నడవాలి. మద్రాస్ మోటార్స్ ద్వారా బుల్లెట్లు తెప్పించుకుంది. 1955లో ఎన్‌ఫీల్డ్ ఇండియా కంపెనీ పెట్టారు, తరవాత మద్రాసు పక్కన తిరువొత్తియూరులో ఫ్యాక్టరీ. మొదట్లో విడిభాగాలు అక్కణ్ణించి వచ్చేవి, ఇక్కడ బిగించేవాళ్ళు. ఆ పైన అన్నీ ఇక్కడే. 1967లో రెడ్డిచ్‌లోని అసలు ఫ్యాక్టరీ మూతపడింది, 1970కి అక్కడ బళ్ళు తయారవడమే ఆగిపోయింది. ఇక్కడ మాత్రం అదే బండి వస్తూనే ఉంది. మనకి పాతబళ్ళ మీద మమకారం ఎక్కువై కాదు. మన రోడ్లు అప్పటికింకా ఆ బండి అవసరం తీరిపోయేంత బాగుపడలేదు, అంతే.

జావా సంగతీ చెప్పాలి. (మన జావా కాదు. ఇది అంతకంటే పాతది, దీనికి నల్ పాయింటర్ ఎక్సెప్షన్లు ఉండవు, ప్లగ్గు మాత్రం తడుస్తుంది.) చెకోస్లోవాకియాలో పుట్టింది, 1929లో. యానెచెక్ అనే ఆయన పేరులోంచి సగం, వాండరర్ అనే జర్మన్ బండి పేరులోంచి సగం కలిపితే జావా. 1950ల్లో ఆ ఆరు రోజుల పోటీని చెక్ జట్టు పలుమార్లు గెలిచింది. ఇరానీ కుటుంబం 1960ల మొదట్లో మైసూరులో ఐడియల్ జావా ఫ్యాక్టరీ పెట్టి ఈ బళ్ళు తయారుచెయ్యడం మొదలెట్టింది. 1973 నుంచి వాటి పేరు యెజ్డీ. 250 సీసీ టూ స్ట్రోక్, ఒక సిలిండర్‌కి రెండు సైలెన్సర్లు, కిక్ రాడ్డూ గేరు రాడ్డూ ఒకటే. క్లచ్ నొక్కకుండా గేరు మార్చొచ్చు. 1996లో ఫ్యాక్టరీ మూతపడింది. ఇక రాజ్‌దూత్: ఎస్కార్ట్స్ వాళ్ళు 1960ల మొదట్లో పోలండు బండి లైసెన్సుతో మొదలెట్టిన 175. పల్లెటూళ్ళో పాల క్యాన్లు, ఎరువు బస్తాలు ఎన్ని మోసిందో లెక్కలేదు, పాపం ఎవరూ దాన్ని ముద్దు చెయ్యరు. అదే కంపెనీ 1983లో యమహా ఆర్‌డీ 350ని రాజ్‌దూత్ పేరుతో తెస్తే పెట్రోలు తాగుడికి భయపడి జనం కొనలేదు. ఇవాళ దానికి లక్షలు పెడుతున్నారు.

ఇప్పుడు మా వైపుకి వద్దాం. 1970 ఫిబ్రవరి దాకా మార్కాపురం, గిద్దలూరు, కంభం అన్నీ కర్నూలు జిల్లా. అప్పుడు గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల్లోంచి ముక్కలు తీసి ఒంగోలు జిల్లా చేశారు, 1972లో టంగుటూరి ప్రకాశం గారి పేరు పెట్టారు. అంతవరకూ గిద్దలూరు మనిషికి కలెక్టరాఫీసు పని పడితే నల్లమల దాటి నంద్యాల, ఆపైన కర్నూలు. బ్రిటిషు కాలం నుంచీ మీటరు గేజి రైలు ఉంది నిజమే. కానీ రైలు స్టేషను దగ్గర ఆగుతుంది, చేను దగ్గర ఆగదు. మార్కాపురం రోడ్ స్టేషను నుంచి మార్కాపురం ఊరు చేరడమే ఒక ప్రయాణం. పేరులో ఆ 'రోడ్' ఊరికే పెట్టలేదు.

చేల దగ్గరికి, కొండవారల పల్లెలకి పొయ్యే దారులెట్లా ఉండేవి? నల్లమల నుంచి దిగే వంకలు. ఎండాకాలం ఇసకా గుండ్రాళ్ళూ, వాన పడితే మోకాటి లోతు నీళ్ళు. వంక దాటగానే నల్లరేగడి, తడిస్తే మడ్‌గార్డులో ఇరుక్కుని చక్రం తిరగనివ్వదు. మార్కాపురం చుట్టూ అయితే పలకరాయి. మనలో చాలామంది ఓనమాలు దిద్దింది ఆ పలకల మీదే కదా. క్వారీల పక్కన వ్యర్థం రాయి గుట్టలు గుట్టలుగా పోసి ఉంటుంది, బాటలన్నీ ఆ పెంకులే. చక్రం కింద పెంకు పెంకు మీద జారుతుంది, అంచులు కత్తుల్లా ఉంటాయి. తమాషా ఏంటంటే బ్రిటన్లో వేల్స్ అనే చోట పాత పలకరాతి క్వారీల్లో పనిగట్టుకుని ట్రయల్స్ పోటీలు పెడతారు. ఇంతకంటే కష్టమైన నేల దొరకదని!

మా పెదనాయన దగ్గర 1968 జావా ఉంది. కొత్తది కొనలేదు, 1980ల్లో ఎవరో కాంట్రాక్టరు దగ్గర మూడో చేతి బండి తీసుకున్నాడు. ఆర్‌సీ పుస్తకం మీద మొదటి ముద్ర కర్నూలుది, తరవాతవి ఒంగోలువి. జిల్లా చరిత్ర ఆ చిన్న పుస్తకంలో ఉంది. ఆయనకి ట్రయల్స్ అనే మాట తెలీదు. కానీ వంకలోకి దిగేముందు ఆగి, రెండు టైర్లలోనూ గాలి సగం తీసేస్తాడు. ఫుట్‌రెస్టుల మీద లేచి నిలబడతాడు. బ్రేకు జోలికి పోడు, చూపు ముందు చక్రం మీద కాకుండా అవతలి గట్టు మీద ఉంటుంది. ఎందుకట్లా అనడిగితే, "కాలు కిందబెడితే బండి నీ మాట యాడ ఇంటాది రా" అన్నాడు. గాలి తగ్గించడం, నిలబడటం, దూరం చూడటం, ఈ మూడూ ట్రయల్స్ నేర్పే వాళ్ళు మొదటి రోజు చెప్పే పాఠాలు. స్కాట్లండులో వాళ్ళు కప్పు కోసం నేర్చుకున్నారు, ఈయన పాలు ఒలికిపోకుండా నేర్చుకున్నాడు.

ఆ బండి ఇన్నేళ్ళు నడవడానికి ఇంకో కారణం మార్కాపురంలోని మెకానిక్కు. సిలిండర్ అరిగితే బోర్ చేయించి పెద్ద పిస్టన్ వెయ్యడం, గేరు పళ్ళు పోతే లేతు మిషన్ మీద తయారు చేయించడం, క్లచ్ ప్లేట్లకి ఇంకో బండివి అరగదీసి సరిపెట్టడం. అన్నీ ఆయన చేతిలోనే ఉన్నాయి, ఏ మాన్యువల్లోనూ లేవు. మన భాషలో చెప్పాలంటే ఇది డాక్యుమెంటేషన్ లేని లెగసీ సిస్టమ్. అయినా బతికే ఉంది, ఎందుకంటే ఇంకా ప్రొడక్షన్లో ఉంది. రోజూ నడుస్తుంది కాబట్టి రోజూ ఏదో ఒకటి చెడుతుంది, చెడుతుంది కాబట్టి బాగుచెయ్యడం వచ్చిన మనిషి మిగిలాడు. షెడ్డులో దుప్పటి కప్పి పెట్టిన బండికి ఆ అదృష్టం లేదు.

నగరాల్లో వింటేజి బళ్ళ వాళ్ళని తక్కువ చెయ్యడం నా ఉద్దేశం కాదు. ఏటా జూలై రెండో ఆదివారం జావా-యెజ్డీ దినం అని దేశమంతా కలుసుకుంటారు. 1996లో ఫ్యాక్టరీ పోయాక ఆ బళ్ళ పేరు చెడకుండా కాపాడింది వాళ్ళే. 2018లో క్లాసిక్ లెజెండ్స్ వాళ్ళు జావా పేరు మళ్ళీ తెచ్చారన్నా, 2022లో యెజ్డీ తెచ్చారన్నా ఆ అభిమానం చూసే. (కొత్తవి ఫోర్ స్ట్రోకులు. పాత బండికి ఒక్క బోల్టు కూడా పనికిరాదు.) రాయల్ ఎన్‌ఫీల్డ్ కూడా 2019లో జానీ బ్రిటన్ జ్ఞాపకంగా బుల్లెట్ ట్రయల్స్ అని ఒకటి తెచ్చింది. సైలెన్సర్ పైకెత్తి, గడ్ల టైర్లేసి, 350కి ఎర్ర ఫ్రేము. చూడ్డానికి బాగుంది. ఎవరూ కొనలేదు, 2020లో బీఎస్ 6 నిబంధనలు వచ్చేసరికి ఆపేశారు. ట్రయల్స్ చెయ్యాల్సిన వాళ్ళకి అంత ధర అందదు, ధర అందే వాళ్ళకి వంకలు లేవు.

నా ఇబ్బంది వేరే దగ్గర. 2021 జూలైలో కేంద్రం వింటేజి వాహనాల నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్ళు దాటిన సొంత వాహనం వింటేజి. రిజిస్ట్రేషన్‌కి 20,000 రూపాయలు, పదేళ్ళు చెల్లుతుంది, నంబరు మధ్యలో వీఏ అని వస్తుంది. బండి అసలు రూపంలో ఉండాలి, చాసిస్‌లో గానీ ఇంజన్లో గానీ పెద్ద మార్పులుండకూడదు. ప్రదర్శనకి, ర్యాలీకి, మరమ్మతుకి, పెట్రోలు కోసం తప్ప మామూలుగా రోడ్డు మీద తిప్పకూడదు.

మా పెదనాయన బండికి వయసు సరిపోయింది. కానీ వెనకాల పాల క్యాన్ల కోసం ఫ్రేముకే వెల్డింగ్ చేసిన ఇనప స్టాండు ఉంది. కార్బురేటర్ వేరే బండిది. హెడ్‌లైటు ఏ బండిదో ఆయనకే గుర్తులేదు. పైగా రోజూ చేనికి పోతుంది. అంటే ఏ పనులు చేసి ఆ బండి యాభై ఏళ్ళు బతికిందో, సరిగ్గా ఆ పనులే దాన్ని వింటేజి కాకుండా చేస్తున్నాయి. వింటేజి కావాలంటే స్టాండు కోసెయ్యాలి, అసలు భాగాలు వెతికి తెచ్చి పెట్టాలి, ఆపైన నడపడం మానెయ్యాలి. మానేస్తే ఆ మెకానిక్కుకి ఒక బండి తగ్గినట్టు.

వద్దనుకుంటే మామూలు దారి. ఐదేళ్ళకోసారి రెన్యువల్, ఫిట్‌నెస్. 20 ఏళ్ళు దాటిన మోటార్ సైకిళ్ళకి 2025 ఆగస్టులో ఆ రుసుము 1,000 నుంచి 2,000 రూపాయలు చేశారు. పాత బళ్ళు వదిలించుకోవాలన్నది దాని ఉద్దేశం. టూ స్ట్రోక్ పొగ సంగతి నాకు తెలీకపోలేదు, నగరంలో లక్ష బళ్ళు అట్లా పొగ వదిలితే నేనూ ఒప్పుకోను. కానీ చట్టంలో ఉన్నవి రెండే గదులు, ఒకటి మ్యూజియం, ఇంకోటి తుక్కు. పని చేస్తున్న పాత బండికి మూడో గది లేదు.

మొన్న సంక్రాంతికి మా కజిన్ ఒకడు, బెంగుళూరులో ఉంటాడు, ఈ జావాకి మంచి ధర చెప్పాడు. స్టాండు తీయించి, క్రోమియం పూయించి, మెరూన్ రంగేసి ర్యాలీకి తెస్తాడట. చేస్తాడు కూడా, శ్రద్ధగా చేస్తాడు, వాడి దగ్గర ఇప్పటికే రెండున్నాయి. పెదనాయన మాట దాటేశాడు. బేరం నచ్చక కాదనుకుంటా, అమ్మితే చేనికి పోవడానికి ఇంకోటి కొనాలి కదా. ఫిబ్రవరిలో రెన్యువల్‌కి ఒంగోలు వెళ్ళొచ్చాడు. బస్సులో కాదు, ఆ బండి మీదే. పొదిలి దాటాక ప్లగ్గు ఒకసారి తుడవాల్సొచ్చిందట.