కారులోని నియంత్రణ పెట్టె : దాని పుట్టుక, మార్పిడి

రావులపాలెమునకు ఒక దిక్కున గౌతమి, మరియొక దిక్కున వశిష్ఠ. జొన్నాడ వద్ద గౌతమి వంతెన దాటిన వాహనములు ఈ ఊరి మీదుగా సిద్ధాంతము వంతెనవైపు సాగిపోవును. అమలాపురము పోవలసినవి ఇచ్చట జాతీయ రహదారిని విడిచి కోనసీమలోనికి తిరుగును. అరటి గెలల మార్కెట్టునకు వచ్చిపోయెడి లారీల సంగతి చెప్పనే అక్కరలేదు. ఇట్టి కూడలిలో, దారిలో ఆగిన బండిని బాగుచేయువారికి పని ఎన్నడును కొదువ కాదు. అయితే ఆ పని స్వరూపము గత పాతికేండ్లలో పూర్తిగా మారిపోయినది.

అంబాసిడరు కారు ఆగిపోయిన రోజులలో మెకానిక్కు మొదట డిస్ట్రిబ్యూటరు మూత తీసి, పాయింట్ల మధ్య ఎడము చూచెడివాడు. అది సుమారు 0.4 మిల్లీమీటరు ఉండవలెను. కండెన్సరు పోయినచో పక్క దుకాణమునుండి ఇంకొకటి తెచ్చి బిగించెడివాడు. ఒక అంబాసిడరు కండెన్సరు మరొక అంబాసిడరునకు నిక్షేపముగా పనికివచ్చును. నీవు ఎవరి కారునుండి వచ్చితివని ఇంజను దానిని అడుగదు. నేడో, ఆగిన కారునకు స్కానరు తగిలించి చూచి, “ఈసీఎం పోయిందండి” అందురు. వేలకు వేలు ఖర్చు. పైగా సరిగా అదే మోడలు కారునుండి పెట్టె తెచ్చి బిగించినను ఇంజను స్టార్టు కాకపోవచ్చును. ఫ్యూజులు బాగుండును, ప్లగ్గులు బిగువుగా ఉండును, అయినను కదలదు. ఇది ఎందుచేత అన్న ప్రశ్నకు సమాధానము ఆ పెట్టె చరిత్రలోనే కలదు.

ఈసీఎం అనగా ఎలక్ట్రానిక్ కంట్రోల్ మాడ్యూలు. ఇంజనునకు ఎంత పెట్రోలు ఈయవలెనో, నిప్పురవ్వను ఏ క్షణమున పుట్టింపవలెనో లెక్కకట్టి ఆజ్ఞలిచ్చునది ఇదియే. ఇంజను నిమిషమునకు 3000 చుట్లు తిరుగునప్పుడు ప్రతి సిలిండరులోను సెకనునకు 25 సార్లు పెట్రోలు మండును. ప్రతిసారియు ఇంజెక్టరు తెరచియుండునది సెకనులో వెయ్యవవంతులు కొన్ని మాత్రమే. ఒక వంతు బరువు పెట్రోలు పూర్తిగా మండుటకు 14.7 వంతుల బరువు గాలి కావలెను. పొగగొట్టములోని విషవాయువులను విరుగజేయు క్యాటలిటిక్ కన్వర్టరు చక్కగా పనిచేయవలెనన్నచో ఈ నిష్పత్తి అటునిటు కదలరాదు. అంతటి కచ్చితము కార్బొరేటరునకు చేతగాదు.

ఇటువంటి పెట్టె మొదట అమెరికాలో పుట్టినది. బెండిక్స్ కంపెనీ తయారుచేసిన ‘ఎలక్ట్రోజెక్టర్’ అను పరికరమును 1958లో క్రైస్లర్ సంస్థ తన కార్లలో సుమారు 35 కార్లకు అమర్చినది. అప్పటి విడిభాగములు ఇంజను వేడికి, అదురునకు, తేమకు తట్టుకొనలేకపోయినవి. మైనపు కాగితముతో చేసిన కెపాసిటర్లు చెడిపోయి బాధపెట్టినవి. తుదకు వానిలో చాల కార్లకు పెట్టె తీసివేసి కార్బొరేటర్లు బిగించినారు! చెడిపోయిన నియంత్రణ పెట్టెను మార్చుట అనెడి పనికి ఇదియే తొలి అధ్యాయము అనవచ్చును. కాని మార్చినది కొత్త పెట్టెతో కాదు, పాత యంత్రముతో.

ఆ పద్ధతి హక్కులు జర్మనీలోని బాష్ కంపెనీకి చేరినవి. 1967లో ఫోక్స్‌వ్యాగన్ 1600 కారులో అమర్చిన డీ-జెట్రానిక్ పద్ధతి బజారులో నిలదొక్కుకొన్నది. అందులోని పెట్టెలో ట్రాన్సిస్టర్లు కొద్ది పదులే. దానికి జ్ఞాపకశక్తి లేదు. ఇంజను లోనికి పీల్చు గాలి ఒత్తిడిని కొలిచి, విద్యుత్ నిరోధములతో ముందుగా కుదిర్చిన లెక్క ప్రకారము ఇంజెక్టరును తెరచెడిది, అంతే. అదే రకము పెట్టె మరొకటి తెచ్చి తగిలించినచో కారు నడచును. ఈ విషయములో అది అంబాసిడరు కండెన్సరునకు చుట్టమే.

జ్ఞాపకము చేరినప్పటినుండి కథ మారినది. 1981 నాటికి అమెరికాలో జనరల్ మోటార్స్ సంస్థ దాదాపు తన పెట్రోలు కార్లన్నిటికి కంప్యూటరు నియంత్రణ పెట్టినది. పెట్టె అనేక మోడళ్లకు ఒకటే. కాని కారు బరువు, గేర్లు, ఇంజను తీరు తెలిపెడి అంకెలు ప్రోమ్ అనెడి చిన్న జ్ఞాపక చిప్పులో వేరుగా ఉండెడివి. అంగడిలో అమ్మెడి కొత్త పెట్టెలో ఆ చిప్పు ఉండదు. పాత పెట్టెనుండి దానిని జాగ్రత్తగా ఊడదీసి కొత్తదానిలో గ్రుచ్చవలెను. కాళ్లు వంగినను, తిరగబడినను పని చెడును. ఇది సులువైన ఏర్పాటే. దేహము మారినను జ్ఞాపకము నిలిచెడిది.

1990లలో చిప్పును ఊడదీయకుండ తీగల ద్వారానే వ్రాసి, తుడిచి, మరల వ్రాయగల జ్ఞాపకములు వచ్చినవి. అదే కాలమున ఐరోపాలో కార్ల దొంగతనములను అరికట్టుటకు ఇమ్మొబిలైజరు నిర్బంధమైనది. తాళపుచెవి పిడిలో ఒక చిప్పు, కారులో దానిని గుర్తించు పరికరము; రెండును ఒప్పుకొన్నగాని ఇంజను మండదు. ఆ రహస్య సంఖ్య ఈసీఎం జ్ఞాపకములోను చేరినది. కారు గుర్తింపునకు వాడెడి 17 అక్షరముల సంఖ్య కూడ అచ్చటికే వచ్చినది. కనుక వేరొక కారునుండి తెచ్చిన పెట్టె ఈ కారు తాళమును పరాయిదిగా చూచును. దొంగను ఆపుటకు కట్టిన గోడ మెకానిక్కును కూడ ఆపినది.

మన దేశమునకు ఈ పెట్టె కాలుష్య నిబంధనల వెంట వచ్చినది. 1983లో వచ్చిన మారుతి 800 కార్బొరేటరు కారే. 1999 ఏప్రిలులో సుప్రీంకోర్టు ఢిల్లీ ప్రాంతములో కొత్త కార్లకు యూరో ప్రమాణములు విధించినది. 2000 ఫిబ్రవరి నాటికి సీసము కలిసిన పెట్రోలు దేశమంతట నిలిచిపోయినది. సీసము క్యాటలిటిక్ కన్వర్టరును పాడుచేయును గనుక ఇది అవసరమైనది. భారత్ స్టేజి రెండవ ప్రమాణము హైదరాబాదునకు 2003లో, దేశమంతటికి 2005లో వర్తించినది. అనగా రావులపాలెము వంటి ఊళ్ల మెకానిక్కులకు పాత విద్యనుండి కొత్త విద్యకు మారుటకు చిక్కిన వ్యవధి బహు స్వల్పము. నేర్పెడి బడి లేదు, పుస్తకము లేదు.

ఇక చెడిపోవుట సంగతి. “ఈసీఎం పోయింది” అన్నప్పుడెల్ల అది నిజముగా పోయినదని నమ్మరాదు. ఉన్నత పాఠశాల విద్యార్థి ఎరిగిన ఓమ్ సూత్రముతోనే దీనిని చూపవచ్చును. పెట్టెనుండి కారు బాడీకి పోవు ఎర్తు తీగ చివర తుప్పుపట్టి అర ఓము నిరోధము ఏర్పడినదనుకొందము. అందులో 2 ఆంపియర్లు ప్రవహించినచో 1 వోల్టు తేడా వచ్చును. అనగా పెట్టె తనకు సున్న అనుకొనునది నిజమునకు బాడీకన్న 1 వోల్టు ఎత్తున ఉన్నది. పొగగొట్టమునకు నేరుగా ఎర్తయిన ఆక్సిజన్ సెన్సరు, పెట్రోలు ఎక్కువైనదని 0.9 వోల్టుతో తెలిపినను, పెట్టెకు అది సున్నకంటె తక్కువగా తోచును. పెట్రోలు చాలలేదని భ్రమించి ఇంకను పోయును. నల్లపొగ, మైలేజీ పతనము. ఇప్పుడు పెట్టె మార్చినచో ఏమగును? కొత్త పెట్టెయు అదే తప్పు తీగపై కూర్చుండి అదే భ్రమలో పడును. పదిరూపాయల ఉప్పుకాగితముతో తీరెడి జబ్బునకు వేల రూపాయల వైద్యము జరిగినదన్నమాట.

నిజముగా పెట్టె చెడుటయు కలదు. వేడికి, అదురునకు టంకము అతుకులు పగులును. పాత పెట్టెలలో కెపాసిటర్ల ద్రవము కారి రాగి దారులను తినివేయును. ఇగ్నిషను కాయిలు షార్టయినచో దానిని నడపు ట్రాన్సిస్టరు మాడిపోవును. అట్టిచోట కాయిలు మార్చకుండ పెట్టె మాత్రము మార్చినచో కొత్తదియు మాడును. చంపినదెవరో తెలియక శవమును మాత్రము మార్చరాదు.

డెల్టాలో వరద ఒక ప్రత్యేక కారణము. 2022 జూలైలో ధవళేశ్వరము ఆనకట్ట వద్ద 25 లక్షల క్యూసెక్కులకు మించిన నీరు వచ్చినది. మూడవ ప్రమాద హెచ్చరికకు 17 లక్షలే చాలును. వరదనీట మునిగిన కారులో పెట్టెను చంపునది నీరొక్కటే కాదు, నీటితోపాటు ఉన్న విద్యుత్తు. బురదనీటిలో లవణములుండును. బ్యాటరీ కలిసియున్నంతసేపు ప్లగ్గులోని పిన్నుల మధ్య విద్యుద్విశ్లేషణ జరిగి, ధనధ్రువమువద్ద రాగి కరగి పచ్చని మడ్డిగా మారును. అందుచేత నీరు తీసిన వెంటనే తాళము త్రిప్పి చూడరాదు. మొదట బ్యాటరీ నెగెటివు తీగ ఊడదీయవలెను. ప్లగ్గులను కడిగి పూర్తిగా ఆరబెట్టిన పిమ్మటనే పరీక్ష. ఇంత చిన్న జాగ్రత్తతో బ్రతికెడి పెట్టెలు, తొందరపాటున చచ్చినవి ఎన్నియో.

మార్చక తప్పనప్పుడు బిగించుట పావుగంట పని. పెట్టెపైని భాగసంఖ్య సరిచూచి, బ్యాటరీ తీసి, కొంతసేపు ఆగి, ప్లగ్గులు మార్చుటయే. అసలు పని తరువాత మొదలగును. కారు సంఖ్య వ్రాయవలెను, తాళములను పరిచయము చేయవలెను, థ్రాటిలు స్థానము నేర్పవలెను. నేటి డీజిలు కార్లలో అయితే ప్రతి ఇంజెక్టరుపై చెక్కియున్న సంకేతమును కూడ ఎక్కించవలెను. ఈ పనులకు కావలసిన సాధనములు చిరకాలము కంపెనీల అధికృత వర్క్‌షాపుల చేతిలోనే ఉండెడివి. దీనిపై 2011లో వచ్చిన ఫిర్యాదును విచారించి, భారత పోటీ కమిషను 2014 ఆగస్టు 25న 14 కార్ల కంపెనీలకు 2,500 కోట్ల రూపాయలకు పైగా జరిమానా విధించినది. విడిభాగములను, పరీక్షా సాధనములను స్వతంత్ర మెకానిక్కులకు అందనీయలేదన్నది అభియోగములలో ముఖ్యమైనది. వ్యవహారము అప్పీళ్లకు పోయినది. కేంద్ర వినియోగదారుల శాఖ ‘మరమ్మతు హక్కు’ పై సంఘము నియమించినదియు 2022 జూలైలోనే. అది పరిశీలించిన నాలుగు రంగములలో మోటారు వాహనములు ఒకటి.

ఈలోపున చిన్న ఊళ్ల వర్క్‌షాపులు తమ దారి తాము వెదకుకొన్నవి. పాత పెట్టె బోర్డు మాడినను, అందులో ఎనిమిది కాళ్ల జ్ఞాపక చిప్పు ఒకటి బ్రతికియుండవచ్చును. దానిని టంకము కరగించి పైకి తీసి, అదే భాగసంఖ్య గల పాత సామాను పెట్టెలో అతికినచో కారు తన తాళమును తాను గుర్తించును. 1981 నాటి ప్రోమ్ మార్పిడియే ఇది, సాకెట్టు లేదు, అంతే భేదము. జ్ఞాపకము ప్రాసెసరు లోపలనే ఇమిడియున్న కొత్త పెట్టెలలో మాత్రము ఈ ఉపాయము సాగదు. అచ్చట ప్రాసెసరులోని జ్ఞాపకమును చదువగల ప్రత్యేక సాధనమైనను ఉండవలెను, లేదా కంపెనీ గుమ్మము త్రొక్కవలెను.