కారు ఎక్స్‌టెండెడ్ వారంటీ: ఎవరికి లాభం, ఎవరికి దండగ?

సూరత్ దీపావళి బోనస్ అనగానే దేశమంతటికీ కార్లే గుర్తొస్తాయి. అక్కడి వజ్రాల సంస్థ హరికృష్ణ ఎక్స్‌పోర్ట్స్ 2014లో 491 మంది ఉద్యోగులకు కార్లు కానుకగా ఇచ్చింది. 2017లో 1,200కు పైగా డాట్సన్ రెడీ-గో కార్లు, 2018లో మరో 600 కార్లు ఇచ్చింది. తాళాలు అందుకుంటున్న ఉద్యోగుల ఫొటోలు పత్రికల్లో వచ్చాయి. అయితే ఏ కారుకైనా మరమ్మతు ఖర్చు సాధారణంగా మూడు, నాలుగేళ్ల తర్వాతే మొదలవుతుంది. ఈలోగా 2022 ఏప్రిల్‌లో నిస్సాన్ సంస్థ భారత్‌లో రెడీ-గో తయారీని ఆపేసి, డాట్సన్ బ్రాండుకు స్వస్తి చెప్పింది. పాత కొనుగోలుదారులకు వారంటీ, విడిభాగాలు, సర్వీసు కొనసాగుతాయని హామీ ఇచ్చింది.

ఆ హామీ విలువ ఎంత అన్నదే కొత్త కారు కొనే ప్రతి ఒక్కరి ముందూ ఉండే ప్రశ్న. షోరూంలో బిల్లు వేసేటప్పుడు ఇన్సూరెన్స్, రిజిస్ట్రేషన్, యాక్సెసరీల వరుసలో ఎక్స్‌టెండెడ్ వారంటీ కూడా ఒక లైనుగా వచ్చి చేరుతుంది. లక్షల బిల్లులో పదిహేను, ఇరవై వేలు పెద్దగా కనిపించవు. అందుకే చాలామంది ఆలోచించకుండానే సరే అంటారు, లేదా ఆలోచించకుండానే వద్దంటారు. రెండూ పొరపాటే.

మూడు వేర్వేరు రక్షణలు

ముందుగా వారంటీ, ఇన్సూరెన్స్, రీకాల్ అనే మూడింటినీ విడదీసి చూడాలి. తయారీ లోపం వల్ల భాగం పాడైతే ఉచితంగా బాగుచేస్తామన్న మాటే వారంటీ. ప్రమాదం, దొంగతనం, అగ్ని, వరద వంటివి ఇన్సూరెన్స్ కిందికి వస్తాయి. ఒక మోడల్‌లో భద్రతకు సంబంధించిన లోపం బయటపడి కంపెనీ వాహనాలను వెనక్కి పిలిస్తే అది రీకాల్. 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనల ప్రకారం ఏడేళ్ల లోపు వాహనాలకు ప్రభుత్వం తప్పనిసరి రీకాల్ ఆదేశించవచ్చు. ఆ మరమ్మతుకు యజమాని డబ్బు కట్టనక్కర్లేదు. అంటే రీకాల్ భయంతో ఎక్స్‌టెండెడ్ వారంటీ కొనాల్సిన పనిలేదు.

కారు ధరలోనే కలిసి వచ్చేది స్టాండర్డ్ వారంటీ. మారుతీ సుజుకీ 2024 జులైలో దీన్ని రెండేళ్లు లేదా 40,000 కిలోమీటర్ల నుంచి మూడేళ్లు లేదా 1,00,000 కిలోమీటర్లకు పెంచింది. అదనపు ప్యాకేజీలతో ఆరేళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల దాకా పొడిగించుకునే వీలు కల్పించింది. ఇలాంటి షరతుల్లో "ఏది ముందైతే అది" అన్న మాట కీలకం. లెక్కంతా ఆ మాట చుట్టూనే తిరుగుతుంది.

ఏటా ఎన్ని కిలోమీటర్లు?

మూడేళ్లు లేదా లక్ష కిలోమీటర్ల స్టాండర్డ్ వారంటీ ఉన్న కారును ఆరేళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లకు పొడిగించారనుకుందాం. వరాఛాలో ఇల్లు, కతార్‌గామ్‌లో ఉద్యోగం ఉన్న వ్యక్తి ఏడాదికి 12,000 కిలోమీటర్లు తిరిగితే మూడేళ్లకు 36,000, ఆరేళ్లకు 72,000 అవుతుంది. ఆయనకు కిలోమీటర్ల పరిమితి అడ్డురాదు. కట్టిన డబ్బుకు మూడేళ్ల అదనపు రక్షణ పూర్తిగా దక్కుతుంది. అయితే ఇంత తక్కువ తిరిగిన కారులో పెద్ద భాగాలు పాడయ్యే అవకాశం కూడా తక్కువే.

రింగ్ రోడ్ టెక్స్‌టైల్ మార్కెట్ల నుంచి చీరల ఆర్డర్ల కోసం ఊళ్లు తిరిగే వ్యాపారి ఏడాదికి 40,000 కిలోమీటర్లు నడిపితే లెక్క మారుతుంది. స్టాండర్డ్ వారంటీ రెండున్నరేళ్లకే అయిపోతుంది. పొడిగించిన పరిమితి నాలుగేళ్లకు ముగుస్తుంది. కాగితం మీద మూడేళ్ల పొడిగింపు కొన్నా చేతికి దక్కేది ఏడాదిన్నరే. అయినా ఆ ఏడాదిన్నరలో కారు లక్ష నుంచి లక్షా అరవై వేల కిలోమీటర్ల మధ్య ఉంటుంది. ఏసీ కంప్రెసర్, ఫ్యూయల్ పంపు, టర్బో, గేర్‌బాక్స్ వంటివి ఇబ్బంది పెట్టే దశ అది. కాబట్టి ఎక్కువ తిరిగేవారికి పొడిగింపు దండగ అనేయలేం. ఎన్నేళ్లు వస్తుందన్న లెక్క కాకుండా, ఏ కిలోమీటర్ల మధ్య రక్షణ ఉంటుందన్న లెక్క చూడాలి.

మరో ప్రశ్న, కారు ఎన్నేళ్లు ఉంచుకుంటారన్నది. నాలుగేళ్లకే అమ్మేసే అలవాటున్నవారికి ఐదు, ఆరో ఏటి రక్షణ వాళ్ల చేతిలో ఉండదు. అయితే చాలా పథకాల్లో మిగిలిన వారంటీని తర్వాతి యజమానికి బదిలీ చేయవచ్చు. అలా బదిలీ కుదిరితే పాత కారుకు కొంత మంచి ధర పలుకుతుంది. కుదరకపోతే ఆ డబ్బు పోయినట్టే.

డబ్బు లెక్క

ఒక ఉదాహరణ చూద్దాం. పొడిగింపు ఖరీదు జీఎస్టీతో కలిపి రూ. 20,000 అనుకుందాం. అదనపు మూడేళ్లలో రూ. 60,000 పెద్ద మరమ్మతు వచ్చే అవకాశం పదింట ఒక వంతు, రూ. 15,000 చిన్న మరమ్మతు వచ్చే అవకాశం ఐదింట ఒక వంతు అనుకుంటే, సగటున ఎదురయ్యే ఖర్చు 6,000, 3,000 కలిపి రూ. 9,000. ఈ లెక్కలో కొనేవారికి సగటున నష్టమే. అమ్మేవారి ఖర్చులు, లాభం, డీలర్ కమీషన్ కూడా ఆ ధరలోనే ఉంటాయి కాబట్టి, కొనేవారందరికీ కలిపి చూస్తే కట్టినదానికంటే తిరిగొచ్చేది తక్కువే ఉంటుంది.

దీన్ని బట్టి ఎవరూ కొనకూడదని కాదు. ఇంట్లో చేతి డబ్బుతో రూ. 60,000 మరమ్మతు భరించగలవారికి ఇది అనవసరం. అదే ఖర్చు ఒక్కసారిగా మీదపడితే పిల్లల ఫీజు ఆగిపోయే కుటుంబానికి, లేదా కారు ఆగితే రోజు సంపాదన ఆగిపోయే చిరువ్యాపారికి, సగటు నష్టం తెలిసి కూడా కట్టడం తెలివైన పనే. జూదంలో గెలవడానికి కాక, తట్టుకోలేని దెబ్బ తగలకుండా ఉండటానికి కట్టే డబ్బు అది.

కట్టే పద్ధతీ ముఖ్యమే. ఆ రూ. 20,000 కారు రుణంలో కలిపి, 9.5 శాతం వడ్డీతో ఏడేళ్లకు తీరిస్తే నెలకు సుమారు రూ. 327 పడుతుంది. మొత్తం దాదాపు రూ. 27,450 కట్టినట్టవుతుంది. పైగా ఈ రక్షణ మొదలయ్యేది స్టాండర్డ్ వారంటీ ముగిశాకే. మూడేళ్ల తర్వాత అవసరపడే దానికి ఈ రోజే వడ్డీ కట్టడం ఎందుకు? చాలా కంపెనీలు స్టాండర్డ్ వారంటీ నడుస్తుండగా తర్వాత కూడా పొడిగింపు కొనుక్కోనిస్తాయి. ఆలస్యమయ్యేకొద్దీ ధర పెరగవచ్చు, కారును తనిఖీ చేయమనవచ్చు. కొనే రోజు ధర, ఏడాది తర్వాతి ధర రెండూ రాతపూర్వకంగా అడిగి పోల్చుకుంటే తొందరపడాల్సిన అవసరం ఉందో లేదో తెలిసిపోతుంది.

వరద నీరు, సీఎన్‌జీ

సూరత్ లాంటి ఊళ్లో వారంటీ ఆదుకోని చోట్లు ప్రత్యేకంగా తెలుసుకోవాలి. 2006 ఆగస్టులో ఉకాయ్ డ్యామ్ నుంచి భారీగా నీరు వదలడంతో తాపీ నది పొంగి నగరంలో అధిక భాగం మునిగింది. ఖాడీలుగా పిలిచే వాగులు ఇప్పటికీ భారీ వానలకు పొంగుతాయి. తెలంగాణ జిల్లాల నుంచి మరమగ్గాల పనికి వలసవెళ్లిన పద్మశాలీ కుటుంబాలు దశాబ్దాలుగా ఉంటున్న లింబాయత్ పక్కనే మీఠీ ఖాడీ పారుతుంది. నిలిచిన నీటిలో స్టార్ట్ చేయడం వల్ల ఇంజన్‌లోకి నీరు పోయి పాడైతే అది తయారీ లోపం కాదు. ఎన్నేళ్ల వారంటీ ఉన్నా పైసా రాదు. మామూలు సమగ్ర ఇన్సూరెన్స్‌లో కూడా ఇలాంటి ఇంజన్ క్లెయిమ్‌లు తిరస్కరణకు గురవుతుంటాయి. దానికి ఇన్సూరెన్స్‌తో పాటు 'ఇంజన్ ప్రొటెక్ట్' యాడ్-ఆన్ తీసుకోవాలి. ఖాడీ పక్క వీధిలో కారు నిలిపేవారికి రెంటిలో ఒకదానికే డబ్బుంటే, ముందు ఈ యాడ్-ఆన్ గురించే ఆలోచించాలి.

గుజరాత్‌లో సీఎన్‌జీ వాడకం ఎక్కువ. కంపెనీ నుంచే బిగించి వచ్చిన కిట్ వారంటీ పరిధిలో ఉంటుంది. బయట బిగించుకున్న కిట్ వల్ల ఇంజన్ లేదా వైరింగ్ పాడైందని తేలితే క్లెయిమ్ నిలవదు. మూడేళ్లకోసారి చేయించాల్సిన సిలిండర్ హైడ్రో టెస్ట్ ఖర్చు యజమానిదే.

ఇవి కాక బ్రేక్ ప్యాడ్లు, క్లచ్ ప్లేటు, టైర్లు, వైపర్లు, ఫిల్టర్లు, బల్బుల వంటి అరిగిపోయే భాగాలు సాధారణంగా పొడిగింపులో ఉండవు. రబ్బరు బుష్‌లు, రంగు వెలిసిపోవడం, తుప్పు కూడా చాలాచోట్ల మినహాయింపులే. సముద్రపు గాలి తగిలే ఊళ్లో తుప్పు గురించి షరతుల్లో ఏముందో చదవాలి. ఇంజన్, గేర్‌బాక్స్, స్టీరింగ్, ఏసీ, ఎలక్ట్రానిక్ కంట్రోల్ యూనిట్లలో ఏవి ఉన్నాయో జాబితా చూశాకే ధర గురించి మాట్లాడాలి.

హామీ ఇచ్చేది ఎవరు?

షోరూంలో అమ్మే ప్రతి పొడిగింపూ కార్ల కంపెనీది కాకపోవచ్చు. కొన్ని డీలర్ సొంత పథకాలు, కొన్ని మూడో సంస్థ నడిపేవి. కంపెనీ పథకమైతే దేశంలోని అధీకృత సర్వీస్ సెంటర్లలో పనిచేస్తుంది. డీలర్ పథకం ఆ డీలర్ దగ్గరే చెల్లవచ్చు. పెళ్లికో పండక్కో సూరత్ నుంచి తెలంగాణకు వెయ్యి కిలోమీటర్లకు అటూఇటూగా కారులో ప్రయాణించే కుటుంబానికి ఈ తేడా చాలా పెద్దది. సోలాపూర్ దగ్గర గేర్‌బాక్స్ మొరాయిస్తే సూరత్ డీలర్ కాగితం అక్కరకు రాదు.

కంపెనీలు కూడా శాశ్వతం కాదని గుజరాత్‌కు బాగా తెలుసు. జనరల్ మోటార్స్ 2017లో హలోల్ ప్లాంటు మూసి, అదే ఏడాది చివరికి దేశంలో షెవర్లే అమ్మకాలు నిలిపేసింది. సాణంద్‌లో ప్లాంటు ఉన్న ఫోర్డ్ 2021 సెప్టెంబరులో భారత్‌లో తయారీకి స్వస్తి చెప్తున్నట్టు ప్రకటించింది. సర్వీసు, వారంటీ బాధ్యతలు కొనసాగిస్తామని రెండూ చెప్పాయి. కానీ అమ్మకాలు ఆగాక డీలర్లు తగ్గుతారు, దగ్గరి సర్వీస్ సెంటర్ దూరమవుతుంది. కాబట్టి అమ్మకాలు అంతంతమాత్రంగా ఉన్న బ్రాండుకు ఆరేడేళ్ల పొడిగింపు కొనేముందు ఊళ్లో ఆ కంపెనీకి ఎన్ని సర్వీస్ సెంటర్లు ఉన్నాయో చూసుకోవాలి.

బయటి మెకానిక్ దగ్గరికి వెళ్తే?

"బయట ముట్టుకుంటే వారంటీ పోతుంది" అన్నది తరచూ వినిపించే మాట. కాంపిటిషన్ కమిషన్ 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీలపై రూ. 2,544 కోట్లకు పైగా జరిమానా విధించిన ఉత్తర్వులో ఈ విషయాన్నీ పరిశీలించింది. బయట మరమ్మతు చేయించారన్న ఒక్క కారణంతో మొత్తం వారంటీ రద్దు చేసే షరతు పెట్టకూడదని, ఆ పని వల్ల జరిగిన నష్టం మేరకే నిరాకరించవచ్చని చెప్పింది. ఆ ఉత్తర్వు తర్వాత అప్పీళ్లకు వెళ్లింది. అందువల్ల ఆ మాటనే పూర్తిగా నమ్ముకోవడం కంటే, పొడిగింపు కొన్నవారు నిర్ణీత సర్వీసులు అధీకృత కేంద్రంలో సమయానికి చేయించి బిల్లులు దాచుకోవడం క్షేమం. ఆ సర్వీసుల అదనపు ఖర్చునూ పొడిగింపు ధరలో భాగంగానే లెక్కించాలి. మూడేళ్ల తర్వాత నమ్మకమైన పేట మెకానిక్ దగ్గరికే వెళ్లే అలవాటున్నవారికి పొడిగింపు పెద్దగా ఉపయోగపడదు.

క్లెయిమ్ తిరస్కరిస్తే

తిరస్కరణ కారణాన్ని, జాబ్ కార్డును రాతపూర్వకంగా తీసుకోవాలి. విప్పిన భాగం ఫొటోలు ఉంచుకోవాలి. తర్వాత కంపెనీకి ఈమెయిల్ పెట్టి, స్పందన లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయవచ్చు. వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం తాను నివసించే జిల్లాలోని కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. అంటే సూరత్‌లో కొని వరంగల్‌కు మారిన వ్యక్తి వరంగల్‌లోనే వేయవచ్చు. చెల్లించిన సొమ్ము రూ. 50 లక్షల దాకా ఉంటే జిల్లా కమిషన్ పరిధిలోకి వస్తుంది. వివాదం తలెత్తిన రెండేళ్లలోపు ఫిర్యాదు చేయాలి.

చివరి లెక్క

ఐదారేళ్లు కారు ఉంచుకునేవారు, టర్బో, ఆటోమేటిక్ గేర్‌బాక్స్, ఎక్కువ ఎలక్ట్రానిక్స్ ఉన్న మోడల్ కొన్నవారు, పెద్ద మరమ్మతు ఒక్కసారిగా భరించలేనివారు కంపెనీ పథకాన్ని, అదీ రుణంలో కలపకుండా, కొనడం సబబు. సాదా మాన్యువల్ కారు కొని తక్కువ తిరిగేవారు, మూడు, నాలుగేళ్లకే మార్చేసేవారు, చేతిలో కొంత నిల్వ ఉన్నవారు ఆ డబ్బును బ్యాంకులో వేసుకోవడమే మేలు. 6.5 శాతం వడ్డీకి రూ. 20,000 మూడేళ్లలో రూ. 24,000 దాటుతుంది. కారు మొరాయిస్తే మరమ్మతుకు పనికొస్తుంది. మొరాయించకపోతే ఆ సొమ్ము కారు యజమానిదే.