ఫిరంగుల పుస్తకానికి బందరు పరీక్ష

విజయవాడ వెళ్తే లెనిన్ సెంటర్ పాత పుస్తకాల కొట్లు చుట్టి రావడం నాకో బలహీనత. మొన్న ఫిరంగుల చరిత్ర మీద రెండు పుస్తకాలు కనిపించాయి. ఒకదాన్నిండా గొట్టం పొడవులూ, గుండు బరువులూ. రెండోదాంట్లో ఎడ్లబళ్ళు, బురద, తడిసిన మందుగుండు. ఏది కొనాలి?

ఇలాంటప్పుడు నాకు బందరు కోట గుర్తొస్తుంది. 1759లో ఫ్రెంచివాళ్ళ చేతిలో ఉన్న ఆ కోటని ఇంగ్లీషు కల్నల్ ఫోర్డ్ ముట్టడించాడు. పగలు ఫిరంగులతో గోడలు పగలగొడితే రాత్రికి లోపలివాళ్ళు పూడ్చేసేవారు. ఏప్రిల్ 7కి రెండ్రోజుల మందుగుండే మిగిలింది. సాయానికి సలాబత్ జంగ్ సైన్యం వస్తోంది. ఆ రాత్రే ఫోర్డ్ ఓ జట్టుని ఊబిలోంచి, మిగతావాళ్ళని గండ్ల మీదికి పంపాడు. తెల్లారేసరికి కోటా, అందులో 120 దాకా ఫిరంగులూ అతని పరం. పట్టుబడ్డవాళ్ళు పట్టుకున్నవాళ్ళ కంటే ఎక్కువ! మే నెలలో బందరూ, చుట్టుపక్కల సీమా కంపెనీకి రాసిచ్చేశాడు సలాబత్ జంగ్.

సర్వర్ కాన్ఫిగరేషన్ చూసి సైటు పడిపోదని ఎవరైనా అంటే మనం నవ్వుతాం కదా? ఫిరంగుల లెక్కా అంతే. నేను రెండోదే కొన్నాను.

బందరు కథ వివరంగా కావాలంటే రాబర్ట్ ఓర్మ్ చరిత్ర చదవండి. కాకపోతే ఆయన కంపెనీ మనిషి. ఫోర్డ్ సైన్యంలో ఎక్కువమంది మాత్రం మన దేశపు సిపాయిలే. చదివేటప్పుడు ఆ సంగతి మర్చిపోకండేం!