సవర లెక్క, షావుకారు లెక్క

“కొండవాళ్ళకు లెక్క రాదు” అనే మాట మన మైదాన ప్రాంతాల్లో ఎంత తేలికగా చలామణి అవుతున్నదో అందరికీ తెలుసు. దీన్ని జాలిగా అనేవాళ్ళున్నారు, వేళాకోళంగా అనేవాళ్ళున్నారు. జాలిపడేవారిలో విద్యావంతులే ఎక్కువ. కాని యీ మాట వెనుక వొక చరిత్ర వున్నది. ఏ లెక్క రాదు? ఎవరి భాషలో రాదు? ఎవరి కుంచంతో కొలిస్తే రాదు? యీ ప్రశ్నలు వేసుకోకుండా ఆ మాట అనడం షావుకారు పక్షాన సాక్ష్యం చెప్పడమే.

అరకులోయ సంతలో కువి, కొండ, గదబ, ఆదివాసీ ఒరియా, తెలుగు కలిసి వినిపిస్తాయి. కువి మాట్లాడేవారు వొకటికీ రెంటికీ తమ ద్రావిడ మాటలే వాడతారు. ఆ పైన అంకెలు ఒరియా వైపు నుంచి వచ్చినవి. తూర్పు కనుమల్లోని మరికొన్ని చిన్న భాషల్లోనూ చిన్న సంఖ్యలు సొంతం, పెద్ద సంఖ్యలు ఎరువు. దీన్ని చూసి కొందరు “వారికి రెండు దాటి ఆలోచన లేదు” అని తీర్మానించారు. అది పొరపాటు. సంతలో పసుపు, చింతపండు, పిప్పళ్ళు కొనేవాడు ఏ భాషలో బేరమాడితే పెద్ద సంఖ్యలు ఆ భాషలోవే నిలబడతాయి. సొంత మాటలు పోయినవంటే బుద్ధి లేక కాదు, బేరం ఎవరి చేతిలో వున్నదో అది చెబుతున్నది.

అయితే ఎరువు తెచ్చుకోకుండా తన లెక్కను చాలా దూరం నిలుపుకున్న భాష యీ కనుమల్లోనే వున్నది. అరకు నుంచి ఈశాన్యంగా కొండల వెంట పోతే గుమ్మలక్ష్మీపురం, సీతంపేట, వాటికి పైన పర్లాకిమిడి, గుణుపురం. అది సవరల నేల. సవర లెక్క నేర్చుకోబోయే తెలుగువాడికి మొదట తేలికగానే వుంటుంది: బోయ్, బాగు, యాగి, ఉంజి అంటే వొకటి, రెండు, మూడు, నాలుగు. పలుకుబడి వూరికొక తీరుగా మారుతుందనుకోండి. గుల్‌జి ఏడు, గెల్‌జి పది, గెల్‌మోయ్ పదకొండు, మిగ్గెల్ పన్నెండు. చిక్కు ఇక్కడే మొదలవుతుంది. పదమూడు “పది, మూడు” కాదు, “పన్నెండు, వొకటి”. పందొమ్మిది అంటే పన్నెండూ ఏడూ. ఇరవై రాగానే కొత్త మెట్టు: బొకొడి, అంటే వొక ఇరవై. యీ “కొడి” మాత్రం ఒరియా, బెంగాలీలలో కూడా వున్న మాటే. 17వ శతాబ్దంలో మచిలీపట్నంలో బట్టలు కొన్న ఇంగ్లీషు వర్తకులు సైతం గుడ్డలను ఇరవయ్యేసి చొప్పున “కోర్జి” కట్టి లెక్క రాసుకున్నారు. ముప్పై తొమ్మిది కావాలంటే సవర భాషలో ఇరవై, పన్నెండు, ఏడు. తొంభై మూడు కావాలంటే నాలుగు ఇరవైలు, పన్నెండు, వొకటి.

పది, పన్నెండు, ఇరవై మూడూ కలగలిసిన యీ లెక్కను చూసి నవ్వేవారు కాస్త ఐరోపా వైపు చూడాలి. ఫ్రెంచివారికి తొంభై మూడు “నాలుగు ఇరవైలు, పదమూడు”. సవరది దానికి అక్కచెల్లెలు కాదా? ఇటాలియనులో పదకొండు నుంచి పదహారు దాకా ఒకట్లు ముందు, పది వెనుక: పదహారుకు “సేదిచి” అంటారు. పదిహేడు దగ్గర వరస తలకిందులై పది ముందుకు వస్తుంది: “దిచస్సెత్తె”. దీన్ని ఆ జాతి మాంద్యమని ఎవరూ అనలేదు. అంతదూరం ఎందుకు, మన కోస్తా రైతు ధాన్యం కొలిచేది ఎలా? రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం, నాలుగు కుంచాలు తూము, ఇరవై తూములు పుట్టి. ఇందులో పది ఎక్కడున్నది? రెళ్ళతో, నాళ్ళతో, ఇరవైతో తరతరాలు బతికినవాళ్ళం మనం.

గెల్‌మోయ్‌లోని “మోయ్” వొకటికి పాత మాట. సవరది ముండా శాఖ. ఆస్ట్రో-ఆసియాటిక్ కుటుంబంలో చేరుతుంది. అదే కుటుంబంలోని కంబోడియా ఖ్మేరు భాషలో నేటికీ వొకటిని “మువొయ్” అనే అంటారు. సీతంపేట కొండ మీద పదకొండు చెప్పే పిల్లవాడి నోట మెకాంగు నది దాకా చుట్టరికం పలుకుతున్నదన్నమాట. వీరినే మనం లెక్కరానివారని అంటున్నాము!

ఇక అప్పు సంగతి. 1917లో మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీ ప్రాంతాల వడ్డీ, భూమి బదలాయింపుల చట్టం చేసింది. కొండజాతివాడి మీద ఏడాదికి నూటికి 24కు మించి వడ్డీ చెల్లదు, చక్రవడ్డీ చెల్లదు, మొత్తం వడ్డీ అసలును మించరాదు. చట్టం మంచిదే. కాని షావుకారు వడ్డీని నూటికి ఇంత అని ఎప్పుడు చెప్పాడు? “రూపాయికి నెలకు అణా” అంటాడు. చెవికి ఎంత చిన్నగా వున్నది! లెక్కకట్టి చూడండి: ఏడాదికి 12 అణాలు, అంటే నూటికి 75. ధాన్యపు నాగు ఇంకా ఘోరం. విత్తనాల నాడు కుంచం తీసుకొని పంటనాడు కుంచంన్నర కొలవాలి. ఆరు నెలలకే నూటికి 50. సవర భాషలో 24 చెప్పవచ్చు: బొకొడి ఉంజి. 75 చెప్పవచ్చు: మూడు ఇరవైలు, పన్నెండు, మూడు. మాటకు కొదవ లేదు. ఖాతా పుస్తకం ఆ మాటల్లో లేదు, అంతే. అణా వడ్డీని నూటి లెక్కలోకి తిప్పి చెప్పవలసినవాడు షావుకారే, తిప్పితే నష్టపోయేదీ అతడే. చట్టం కాగితం మీద వుండిపోవడానికి యీ వొక్కటే కారణం కాదు గాని, దీన్ని మన చరిత్రకారులు తగినంత పట్టించుకోలేదని నా ఫిర్యాదు.

విశాఖ ఏజెన్సీలో “గొత్తి” అన్న వెట్టి పద్ధతిలో అప్పు తీసుకున్నవాడు వడ్డీ కింద చాకిరీ చేసేవాడు. చాకిరీని అసలులో జమకట్టేవారు కారు. దినాలు లెక్కపెట్టగలిగినా జమకట్టే చెయ్యి తనది కానప్పుడు ఆ లెక్క ఎందుకు పనికివస్తుంది? అప్పు వెట్టిని రద్దుచేస్తూ 1940లో రెగ్యులేషను వచ్చింది. వడ్డీ వ్యాపారం మీద 1960లో మరొకటి వచ్చింది. 1967లో శ్రీకాకుళం కొండల్లో గిరిజనులు తిరగబడడానికి దారితీసిన వాటిలో భూమి, కూలీలతోపాటు యీ అప్పులూ వున్నాయి.

లెక్క మీద అనుమానం ఎప్పుడూ కింది నుంచే వస్తుందనుకోనక్కరలేదు. పీసా నగరపు లియొనార్డో 1202లో భారతీయ అంకెల గణితాన్ని ఇటలీ వర్తకులకు బోధించే గ్రంథం రాశాడు. అయినా 1299లో ఫ్లారెన్సు ద్రవ్య వ్యాపారుల సంఘం ఖాతాల్లో ఆ అంకెలు వాడరాదని కట్టడి చేసింది. అంకెను దిద్దడం తేలిక గనుక అలా చేశారంటారు. ఆనాటి ధనవంతులకే తమకు అలవాటు లేని అంకె మీద నమ్మకం లేకపోతే వివేకమన్నారు. అదే అపనమ్మకం కొండవాడు చూపితే అజ్ఞానమన్నాము.

1957 ఏప్రిల్ 1న దశాంశ నాణేలు వచ్చాయి. 16 అణాల, 192 దమ్మిడీల రూపాయి 100 నయాపైసలైంది. నాలుగణాలకు సరిగ్గా 25; అణాకు మాత్రం 6. వొక్కొక్క అణా చొప్పున పదహారుసార్లు మార్చుకుంటే చేతికి 96 వస్తాయి. రూపాయి పట్టుకు తిరిగేవాడికి నష్టం లేదు, అణాతో బతికేవాడికే ఆ నాలుగు పైసలు. సంస్కరణ అవసరమైనదే, దాని చిల్లర ఎవరి మీద పడ్డదన్నది వేరే లెక్క.

ఎదురుదారిలో నడిచినవారూ వున్నారు. పర్లాకిమిడి బడిపంతులు గిడుగు రామమూర్తి సవర నేర్చుకొన్నారు, సవర పిల్లలకు బడులు పెట్టించారు, వారి భాషలో వాచకాలు రాశారు. ఆయన సవర వ్యాకరణం 1931లో, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో వెలువడ్డాయి. వాడుక తెలుగు కోసం ఆయన చేసిన పోరాటాన్ని ఆగస్టు 29న ఏటా తలచుకుంటాము. సవరను పక్కన పెట్టి ఆయన్ను తలచుకోవడం సగం తలపే. వాడుకభాష వాదానికి ఆయనకు కొండమీది అనుభవం కూడా బలమిచ్చిందని నా నమ్మకం.

2004 ప్రాంతంలో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక విద్య మొదలైంది; సవర, కువి, కొండ, ఆదివాసీ ఒరియా వాటిలోవే. అక్కడ గణితం చెప్పే ఉపాధ్యాయుడికి ముందున్న సమస్య ఇది: పిల్లవాడు ఇంట్లో “పన్నెండు, వొకటి” అన్నదాన్ని బడిలో “పది, మూడు” అనాలి. దీనికి ఇంటి లెక్కను తుడిచేయనక్కరలేదు. ఫ్రెంచి పిల్లవాడు 93 అని రాసి “నాలుగు ఇరవైలు, పదమూడు” అనే చదువుతాడు గదా. సవరలు తామే దారి చూపారు కూడా. 1936లో మంగై గొమాంగో తమ భాషకు సొరాంగ్ సొంపెంగ్ లిపి కల్పించారు. ఆ లిపిలో సున్నతో కలిపి పది అంకెలున్నాయి. వాటితో 39ని రెండు అంకెల్లో రాసి, నోటితో ఇరవై, పన్నెండు, ఏడు అని చదువుకోవచ్చు. ఆ ఏడే పర్లాకిమిడి కొత్తగా ఏర్పడ్డ ఒరిస్సాలో చేరింది; రామమూర్తిగారు వూరు విడిచి రాజమహేంద్రవరం చేరారు.